మళ్లీ మళ్లీ వచ్చే చెవినొప్పి: తరచుగా అడిగే ప్రశ్నలు

జలుబు చేసిన ప్రతిసారీ చెవి పట్టుకుని ఏడ్చే పిల్లలున్న ఇళ్ల కోసం, ఏళ్ల తరబడి చెవి కారుతున్నా దూది పెట్టుకుని నెట్టుకొస్తున్న పెద్దల కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. మా అబ్బాయి చెవి ఇన్ఫెక్షన్లతో మేం కొన్నేళ్లు అవస్థ పడ్డాం. అందుకే మా అపార్ట్‌మెంట్‌లో, చుట్టాల్లో ఎవరి పిల్లలకు చెవిపోటు వచ్చినా నాకు ఫోన్ వస్తుంది. నేను డాక్టర్ని కాదు. పిల్లల డాక్టరు, ఈఎన్‌టీ డాక్టరు మాకు ఓపిగ్గా చెప్పినవి, ఆ తర్వాత చదివి సరిచూసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇన్ఫెక్షన్‌కి వైద్యం వేరు, నొప్పికి వైద్యం వేరు. మనం మొదటిదాని వెంట పడి రెండోదాన్ని వదిలేస్తాం. "యాంటీబయాటిక్ పడింది కదా, అదే తగ్గుతుందిలే" అనుకుంటాం, పిల్ల రాత్రంతా ఏడుస్తూనే ఉంటుంది. చెవి సంగతి డాక్టరు చూస్తారు. ఈలోపు నొప్పి తగ్గించే పని చాలావరకు మన చేతిలోనే ఉంది.

ఇన్ఫెక్షన్ చెవిలో ఎక్కడ ఉందో నొప్పిని బట్టి తెలుస్తుందా?

కొంతవరకు తెలుస్తుంది. చెవి రంధ్రానికి ముందు, చెంప వైపు ఒక చిన్న మెత్తటి బుడిపె ఉంటుంది. దాన్ని మెల్లగా నొక్కినా, చెవి డొప్పని పట్టి లాగినా ప్రాణం పోయేంత నొప్పి పుడితే, ఇన్ఫెక్షన్ బయటి దారిలో, అంటే కర్ణభేరికి ఇవతల ఉందన్నమాట. ఈతకి వెళ్లాకో, బడ్స్‌తో గట్టిగా తిప్పాకో వచ్చేది ఎక్కువగా ఇదే. అక్కడ చర్మం ఎముకని అంటుకుని ఉంటుంది, వాపుకి చోటు ఉండదు. అందుకే అంత సలుపు.

చెవి డొప్ప లాగినా నొప్పి పెరగకుండా లోపల్నుంచి పొడుస్తున్నట్టు ఉంటే, దానికి రెండు మూడు రోజుల ముందు నుంచి జలుబు, జ్వరం ఉంటే, అది మధ్య చెవి ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ. పిల్లల్లో మళ్లీ మళ్లీ వచ్చేది ఇదే.

నొప్పి కంటే దురద ఎక్కువగా ఉండి, చెవి దిబ్బడ వేసి, లోపల్నుంచి తడిసిన కాగితం ముక్కల్లాంటివి, నల్లటి చుక్కలతో వస్తుంటే అది ఫంగస్ కావచ్చు. మన వైపు వానాకాలంలో, తీరప్రాంతాల ఉక్కలో ఇది మామూలే. దీనికి యాంటీబయాటిక్ చుక్కలు వేస్తే తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. ఈఎన్‌టీ డాక్టరు సక్షన్‌తో శుభ్రం చేసి, ఫంగస్‌కి వేరే చుక్కలు ఇస్తారు.

ఏదైనా సరే, చెవిలోకి లైటు వేసి చూస్తేనే ఖాయంగా తెలిసేది. ఫోన్‌లో వినిపించిన లక్షణాలతో తేల్చేది కాదు.

మాటలు రాని పిల్లలకు చెవినొప్పి అని ఎలా గుర్తుపట్టాలి?

చెవి లాక్కోవడం ఒక్కటే చూసి నమ్మకండి. పళ్లు వచ్చేటప్పుడూ లాక్కుంటారు, నిద్ర వచ్చినా లాక్కుంటారు. పాలు ఆబగా మొదలుపెట్టి రెండు గుక్కలకే వదిలేసి ఏడవడం, పడుకోబెడితే గుక్కపట్టి ఏడ్చి భుజాన వేసుకుంటే ఊరుకోవడం, జలుబు తగ్గుముఖం పట్టాక మళ్లీ జ్వరం రావడం, ఇవి కలిసి కనిపిస్తే చెవిని అనుమానించాలి.

పగలంతా ఆడుకుని రాత్రికే ఎందుకు ఏడుస్తారు?

మధ్య చెవి నుంచి గొంతు వెనక్కి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. చెవిలో చేరిన ద్రవం అందులోంచే కిందికి దిగాలి. పిల్లల్లో ఆ గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే పూడిక పట్టిన పంటకాలువలాగా మూసుకుపోతుంది. పడుకుంటే రక్తం తలవైపు ఎక్కువగా చేరుతుంది, ద్రవం దిగే దారీ ఉండదు, కర్ణభేరి మీద ఒత్తిడి పెరుగుతుంది. పగలు ఆటలో మరిచిపోయిన నొప్పి రాత్రి నిశ్శబ్దంలో మళ్లీ గుర్తొస్తుంది కూడా.

ఏడాది దాటిన పిల్లలకు తల కింద ఇంకో దిండు వేసి కాస్త ఎత్తుగా పడుకోబెట్టొచ్చు. ఏడాది లోపు పసివాళ్లకు దిండ్లు వద్దు, ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. వాళ్లని కాసేపు నిటారుగా ఎత్తుకోవడమే మేలు.

నొప్పికి ముందుగా ఏ మందు ఇవ్వాలి? ఎంత ఇవ్వాలి?

పారాసిటమాల్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "మందు వేశాం, తగ్గలేదు" అని చెప్పే ఇళ్లలో చాలాసార్లు జరిగేది మందు పని చేయకపోవడం కాదు, సరిపడా పడకపోవడం.

డోసు వయసుని బట్టి కాక బరువుని బట్టి చూడాలి. కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరేసి గంటలకు ఒకసారి, 24 గంటల్లో నాలుగు డోసులు దాటకుండా. పది కిలోల బిడ్డకి ఒక డోసు 150 మిల్లీగ్రాములు అన్నమాట. ఇక్కడివరకూ తేలికే. తికమక సీసా దగ్గర వస్తుంది.

మన మెడికల్ షాపుల్లో పిల్లల పారాసిటమాల్ ఒకే బలంలో దొరకదు. ఒక సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉంటుంది, ఇంకోదాంట్లో 5 మి.లీ.కి 250. పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. అదే పది కిలోల బిడ్డకి మొదటిది 6 మి.లీ. పోయాలి, రెండోది 3 మి.లీ. చాలు, చుక్కల మందైతే ఒకటిన్నర మి.లీ. మాత్రమే. పోయినసారి 125 సీసా వాడి, ఈసారి షాపువాళ్లు 250 ఇస్తే, అలవాటుగా 6 మి.లీ. పోస్తే డోసు రెట్టింపయినట్టే. తిరగేస్తే సగమే పడి పిల్ల ఏడుస్తూనే ఉంటుంది. అర్ధరాత్రి ఫోన్ లైటులో లేబుల్ మీది ఆ సన్నటి అక్షరాలు కనిపించవు. అందుకే మేం సీసా కొన్న రోజే పగటిపూట బరువు చూసి లెక్కేసి, మూత మీద ప్లాస్టర్ అంటించి, దానిమీద పెన్నుతో డోసు రాసిపెట్టేవాళ్లం. పక్కనే మందు సిరంజి రబ్బరుబ్యాండుతో కట్టి ఉంచేవాళ్లం. వంటింటి స్పూన్లతో కొలవకండి, ఒక్కో స్పూను ఒక్కో సైజు.

బిడ్డ బరువు పెరిగితే డోసూ మారుతుంది. మూడు నెలల లోపు పసికందుకి డాక్టర్ని అడక్కుండా ఏదీ ఇవ్వకూడదు.

పని మొదలవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. నొప్పి బాగా ముదిరాక ఇచ్చేకన్నా మొదట్లోనే ఇవ్వడం మంచిది. మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి తెగ ఉంటే, పడుకునే ముందు డోసు పడేలా టైము చూసుకుంటే ఆ రాత్రి గడుస్తుంది.

పెద్దవాళ్లకు 500 నుంచి 1000 మి.గ్రా. వరకు ఆరు గంటలకోసారి వేసుకోవచ్చు, రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగే అలవాటున్నవాళ్లు, బరువు బాగా తక్కువ ఉన్నవాళ్లు ఇంకా తక్కువకే ఆగాలి. వాళ్లు డాక్టర్ని అడిగే వేసుకోవాలి.

పారాసిటమాల్‌తో ఆగకపోతే ఐబుప్రోఫెన్ ఇవ్వొచ్చా?

ఆరు నెలలు దాటిన పిల్లలకు ఇవ్వొచ్చు. చెవినొప్పికి బాగా పనిచేస్తుంది, వాపు మీద కూడా పనిచేస్తుంది. కిలోకి 5 నుంచి 10 మి.గ్రా., ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి, ఏదైనా తిన్నాక.

కానీ వానాకాలంలో, ఊళ్లో డెంగీ ఉన్న రోజుల్లో, చెవినొప్పితో పాటు గట్టి జ్వరం కూడా ఉంటే ఐబుప్రోఫెన్ జోలికి వెళ్లకండి. డెంగీ అయితే రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. డెంగీ కాదని డాక్టరు చెప్పేదాకా పారాసిటమాల్ ఒక్కటే. వాంతులు, విరేచనాలతో నీరసించిన పిల్లలకు, ఆటలమ్మ పోసినప్పుడు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు కూడా ఇది వద్దు. ఆస్తమా ఉంటే డాక్టర్ని అడిగే ఇవ్వండి. గర్భిణులకు పారాసిటమాలే మేలు. ముఖ్యంగా అయిదో నెల దాటాక ఐబుప్రోఫెన్ వాడకూడదు.

ఇంకో జాగ్రత్త: రెండూ కలిపి ఉన్న సిరప్‌లు, మాత్రలు మన దగ్గర విరివిగా అమ్ముతారు. అది పోసి, జ్వరం తగ్గలేదని విడిగా పారాసిటమాల్ కూడా పోస్తే డోసు మీద డోసు పడుతుంది. సీసా మీద బ్రాండు పేరు కింద సన్నగా రాసి ఉండే మందు పేరు చూడండి. ఇంట్లో ఎవరు, ఎన్ని గంటలకు, ఏ మందు ఇచ్చారో ఫ్రిజ్ మీదో క్యాలెండర్ మీదో రాసిపెడితే అమ్మ ఒకసారి, నాన్నమ్మ ఒకసారి పోసే పొరపాటు జరగదు.

పిల్లలకు అసలు ఇవ్వకూడనివి ఏవి?

నిమెసులైడ్. 12 ఏళ్ల లోపు పిల్లలకు దీన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు, లివర్‌కి హాని చేస్తుందని. అయినా ఇంట్లో పెద్దవాళ్ల కోసం తెచ్చిన మాత్ర సగం విరిచి పిల్లలకు వేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, దయచేసి ఆపండి. ఆస్పిరిన్ కూడా వద్దు, అరుదుగా అయినా మెదడు, లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

జలుబు సిరప్‌ల వల్ల చెవి ఇన్ఫెక్షన్ తగ్గదు, నొప్పీ తగ్గదు. పైగా క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన సిరప్‌లు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు. ముక్కు దిబ్బడకి సెలైన్ చుక్కలు చాలు.

యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. అయినా నొప్పి తగ్గలేదేం?

ఇది అందరూ అడిగేదే. యాంటీబయాటిక్ నొప్పి మందు కాదు. మొదటి 24 గంటల్లో అది వేసినా వేయకపోయినా నొప్పిలో పెద్ద తేడా ఉండదని పరిశోధనలు చెబుతున్నాయి. ఒక రోజు గడిచేసరికి పదిమంది పిల్లల్లో దాదాపు ఆరుగురికి ఎలాగైనా నొప్పి తగ్గుతుంది. కాబట్టి యాంటీబయాటిక్ రాసినా ఆ మొదటి రెండు మూడు రోజులు నొప్పి మందు కూడా పక్కనే నడవాలి. చీటీలో రాయకపోతే అడిగి రాయించుకోండి.

వేసిన 48 నుంచి 72 గంటలకు కూడా జ్వరం, నొప్పి తగ్గుముఖం పట్టకపోతే మళ్లీ చూపించాలి. మందు మార్చాల్సి రావచ్చు. తగ్గింది కదా అని మధ్యలో ఆపేయడం, మిగిలింది దాచి ఇంకోసారి వాడడం, ఎదురింటి బాబుకి ఇవ్వడం, ఇవేవీ చేయకండి.

డాక్టరు యాంటీబయాటిక్ రాయకుండా "రెండు రోజులు చూద్దాం" అన్నారు. నమ్మొచ్చా?

నమ్మొచ్చు. రెండేళ్లు దాటిన పిల్లలకు, జ్వరం మరీ ఎక్కువ లేకుండా, నొప్పి ఓర్చుకునేలా ఉంటే అలా చూడడం సరైన పద్ధతే. ఆరు నెలల లోపు పిల్లలకు మాత్రం ఆగరు, వెంటనే మొదలుపెడతారు. ఆరు నెలలకీ రెండేళ్లకీ మధ్య ఉన్న పిల్లలకు ఒక చెవా రెండు చెవులా, నొప్పి ఎంత ఉంది అన్నది చూసి నిర్ణయిస్తారు. చీటీ నిండా మందులు రాయలేదని ఇంకో డాక్టర్ దగ్గరికి పరుగెత్తకండి. "ఎప్పటిదాకా చూడాలి, ఏం కనిపిస్తే రావాలి?" అని మాత్రం స్పష్టంగా అడిగి రండి. చూద్దాం అన్న రెండు రోజులూ నొప్పి మందు ఆపమని కాదు.

వెల్లుల్లి వేసి కాచిన నూనె, చనుబాలు, తులసి రసం: వీటిల్లో ఏదైనా వేయొచ్చా?

చెవిలో వేయొద్దు. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, వాళ్లని నొప్పించాల్సిన పనిలేదు. కానీ కారణాలు విప్పి చెప్పండి. మధ్య చెవి ఇన్ఫెక్షన్‌లో చీము కర్ణభేరికి అవతల ఉంటుంది. మనం వేసే నూనె ఇవతలే ఆగిపోతుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే మాత్రం లోపలికి వెళ్తుంది, అప్పుడు ఇంకా ప్రమాదం. వేడి అంచనా తప్పితే లోపల కాలుతుంది. తడి, జిడ్డు నిలిస్తే ఫంగస్‌కి అదును దొరుకుతుంది. డాక్టరు చూసేసరికి నూనెతో కప్పేసి ఉంటే కర్ణభేరి కనిపించదు, రోగమేంటో తేలదు.

నూనె వెచ్చగా తగిలిన కాసేపు హాయిగా అనిపించే మాట నిజమే. ఆ వెచ్చదనమే కావాలనుకుంటే బయట కాపడం పెట్టండి. మెత్తటి గుడ్డని పెనం మీద వేడి చేసి, ముందు మీ ముంజేతి మీద ఆనించి చూసుకుని, చెవి మీద ఐదు పది నిమిషాలు ఉంచండి. పిల్ల నిద్రపోతే తీసేయండి. కొందరికి చల్లటి తడిగుడ్డ హాయినిస్తుంది, ఏది నచ్చితే అది. అమ్మమ్మ చేయి ఆడించడానికి ఇంతకంటే మంచి పని ఉండదు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ రప్పించడం కూడా ఊళ్లలో చూస్తుంటాం. చెవినొప్పి ఉన్నప్పుడు అది అసలు పోయకండి.

చెవి చుక్కలు ఎలా వేయాలి? పోయినసారి మిగిలినవి వాడొచ్చా?

మిగిలినవి వద్దు. పోయినసారి చెవి బయటి దారి ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు, ఈసారి కర్ణభేరి చిల్లుపడి ఉండొచ్చు. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి మందులున్న చుక్కలు చిల్లున్న చెవిలోకి వెళ్తే వినికిడికే ముప్పు. అలాంటి చెవికి డాక్టర్లు సాధారణంగా సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ చుక్కలు ఎంచుకుంటారు. నొప్పి తగ్గించే మత్తు చుక్కలు కూడా ఉన్నాయి, వాటితో కాసేపు ఉపశమనం దొరుకుతుంది. అవీ కర్ణభేరి బాగుందని చూశాకే.

వేసే ముందు సీసాని రెండు మూడు నిమిషాలు గుప్పిట్లో పట్టుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా వేస్తే తల గిర్రున తిరుగుతుంది, పిల్లలు హడలిపోయి ఇంకోసారి దగ్గరికి రానివ్వరు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, మూడేళ్ల లోపు పిల్లలకైతే చెవి డొప్పని కిందికి, వెనక్కి లాగాలి. అంతకంటే పెద్దవాళ్లకు పైకి, వెనక్కి. చుక్కలు పడ్డాక రంధ్రం ముందున్న బుడిపెని నాలుగైదుసార్లు మెల్లగా నొక్కి వదిలితే మందు లోపలికి దిగుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు అలాగే పడుకోవాలి. దూది కుక్కితే మందంతా అదే పీల్చేస్తుంది.

నొప్పి ఒక్కసారిగా పోయి, దిండు మీద చీము, నెత్తురు చార కనిపించింది. ఏమైంది?

లోపలి ఒత్తిడికి కర్ణభేరి చిన్నగా చిల్లుపడి చీము బయటికి వచ్చింది. ఒత్తిడి పోయింది కాబట్టే నొప్పి పోయింది. చూడ్డానికి భయమేస్తుంది కానీ చాలామందికి ఆ చిల్లు కొన్ని వారాల్లో దానంతటదే మూసుకుంటుంది. బయట కనిపించిన చీముని శుభ్రమైన గుడ్డతో తుడవండి, లోపల ఏదీ పెట్టకండి, నీళ్లు పోనివ్వకండి, ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకి చూపించండి. మానిందో లేదో తర్వాత ఇంకోసారి చూపించుకోవడం చాలామంది మరిచిపోతారు. నొప్పి లేదు కదా అని వదిలేసిన చిల్లులే పెద్దయ్యాక ఏళ్ల తరబడి కారే చెవులవుతాయి.

ఎప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి?

చెవి వెనక ఎముక మీద వాపు, ఎరుపు వచ్చి చెవి ముందుకి తోసుకొచ్చినట్టు కనిపిస్తే. ముఖం ఒక పక్కకి వంకర పోతే. మెడ బిగుసుకుపోవడం, తీవ్రమైన తలనొప్పి, ఆగని వాంతులు, ఫిట్స్, మత్తుగా పడి ఉండడం, నడుస్తుంటే తూలిపోవడం, ఉన్నట్టుండి వినపడకపోవడం. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. ఇన్ఫెక్షన్ చెవి దాటి ఎముకకో మెదడు పొరలకో పాకుతోందేమో అప్పటికప్పుడు చూడాలి.

ఎన్నిసార్లు వస్తే "మళ్లీ మళ్లీ" అంటారు? మా పాపకే ఎందుకిలా?

ఆరు నెలల్లో మూడుసార్లు గానీ, ఏడాదిలో నాలుగుసార్లు గానీ మధ్య చెవి ఇన్ఫెక్షన్ వస్తే డాక్టర్లు ఆ లెక్కలో వేస్తారు. మీరు ఏదో తప్పు చేశారని కాదు. వయసు, ఆ గొట్టం తీరు, ముక్కు వెనకుండే అడినాయిడ్స్ వాపు, అలర్జీ, ఇంట్లో ఇంకొకరికి ఇలాగే ఉండడం, ఇలా చాలా కలుస్తాయి. ఆరేడేళ్లు వచ్చేసరికి గొట్టం పొడవై, వాలు ఏర్పడి చాలామందికి తగ్గిపోతుంది.

మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మొదటిది పొగ. ఇంట్లో సిగరెట్, చుట్ట, బీడీ తాగితే, కట్టెల పొయ్యి పొగ నిండితే పిల్లల ముక్కు, గొట్టం లోపలి పొర వాచి ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. పసిబిడ్డకి స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తాం కదా, చెవి సమస్య ఉన్న బిడ్డకి అది మానేయాలని నేను గట్టిగా చెబుతాను. తల ఆరడానికి మెత్తటి తువ్వాలు చాలు. అలాగే స్నానంలో చెవుల్లో, ముక్కుల్లో నూనె చుక్కలు వేసి ఊదడం కూడా మానాలి.

రెండోది పాలు పట్టే తీరు. పడుకోబెట్టి సీసా నోట్లో పెడితే పాలు ఆ గొట్టంలోకి ఎగదన్నుతాయి. తల ఎత్తి ఒడిలో పెట్టుకుని పట్టండి. మొదటి ఆరు నెలలు తల్లిపాలు చెవికి కూడా రక్షే. ఆరు నెలలు దాటాక పాల పీక నోట్లో పెట్టుకుని తిరిగే అలవాటు తగ్గించండి.

మూడోది టీకా. చెవి ఇన్ఫెక్షన్ తెచ్చే బ్యాక్టీరియాల్లో న్యుమోకాకస్ ముఖ్యమైనది. దానికి పీసీవీ టీకాని మన ప్రభుత్వం 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2021 నాటికి దేశమంతటికీ తెచ్చింది. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ప్రభుత్వ టీకా కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు. టీకా కార్డు తీసి మూడూ పడ్డాయో లేదో ఇప్పుడే చూసుకోండి. దీంతో చెవి ఇన్ఫెక్షన్లు పూర్తిగా ఆగవు గానీ తగ్గుతాయి. ఫ్లూ టీకా గురించి పిల్లల డాక్టర్ని అడగండి, అది ప్రభుత్వ జాబితాలో లేదు.

నొప్పి తగ్గి వారాలైంది, కానీ పిలిస్తే పలకడం లేదు. మొండితనమా?

ముందు వినికిడి చూపించండి. ఇన్ఫెక్షన్ తగ్గినా కర్ణభేరి వెనక ద్రవం కొన్ని వారాలు నిలిచిపోతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, మాటలు మాత్రం నీళ్లలోంచి విన్నట్టు అస్పష్టంగా ఉంటాయి. టీవీ సౌండ్ పెంచడం, "ఆఁ?" అని మళ్లీ మళ్లీ అడగడం, బళ్లో డిక్టేషన్ తప్పులు పెరగడం దీని గుర్తులు. చాలామందికి మూడు నెలల్లోపు పోతుంది. పోకపోతే పరీక్ష చేయించాలి. ఈలోగా టీచరుకి ఒక మాట చెప్పి ముందు బెంచీలో కూర్చోబెట్టమనండి. వినపడని పిల్లాణ్ని వినడం లేదని కొట్టడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

గ్రోమెట్ వేయాలన్నారు. అంత అవసరమా?

ద్రవం మూడు నెలలు దాటినా పోకుండా వినికిడి తగ్గినప్పుడు, లేదా ఇన్ఫెక్షన్లు ఆగకుండా వస్తూ మధ్యలో కూడా ద్రవం నిలిచి ఉన్నప్పుడు డాక్టర్లు ఈ మాట ఎత్తుతారు. కర్ణభేరిలో చిన్న గాటు పెట్టి పూసంత గొట్టం అమరుస్తారు. లోపలికి గాలి ఆడుతుంది, ఒత్తిడి పెరగదు కాబట్టి ఆ పొడిచే నొప్పులు బాగా తగ్గుతాయి. ఆ తర్వాత ఇన్ఫెక్షన్ వచ్చినా చాలాసార్లు చీము బయటికి కారుతుంది, చుక్కలతో సరిపోతుంది. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు ఎక్కువగా అదే ఊడి పడిపోతుంది. అడినాయిడ్స్ పెద్దగా ఉంటే వాటిని కూడా అదే మత్తులో తీసేస్తారు. తొందరపడాల్సిన ఆపరేషన్ కాదు, ఇంకో డాక్టర్ అభిప్రాయం అడగడానికి టైము ఉంటుంది.

హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో చెవి, ముక్కు, గొంతుకే ప్రత్యేకంగా ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి. చెవి ఆపరేషన్లలో కొన్ని తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తాయి. మీకు చెప్పిన ఆపరేషన్ ఆ జాబితాలో ఉందో లేదో ఆసుపత్రి హెల్ప్‌డెస్క్‌లో ముందే అడగండి.

నాకు ఏళ్లుగా చెవి కారుతోంది, నొప్పి లేదు. ఇప్పుడు నొప్పి మొదలైంది. మాత్ర వేసుకుంటే చాలా?

చాలదు. ఏళ్ల తరబడి కారే చెవి మామూలుగా నొప్పి పెట్టదు. అలాంటి చెవిలో కొత్తగా నొప్పి, తలతిరుగుడు, తలనొప్పి మొదలైతే, కారేది కుళ్లు వాసన వేస్తే, లోపల ఎముకని తినేసే రకం జబ్బు ఉందేమో చూడాలి. నొప్పి మాత్ర వేసుకోండి, అదే వారంలో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర కూర్చోండి.

షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ఇంకో హెచ్చరిక. చెవి లోపల తీవ్రమైన నొప్పి, రాత్రిళ్లు నిద్రపట్టనీయనంతగా ఉండి, చుక్కలతో తగ్గకుండా వారాలు గడుస్తుంటే, అది పుర్రె అడుగు ఎముకకి పాకే ఇన్ఫెక్షన్ కావచ్చు. చెవినొప్పే కదా అని తీసిపారేయకూడదు.

చెవి శుభ్రంగా ఉండి నొప్పి మాత్రం ఉంటే మూలం వేరేచోట వెతకాలి. జ్ఞానదంతం, పుచ్చిపన్ను, దవడ కీలు, టాన్సిల్స్, వీటి నొప్పి అవే నరాల మీదుగా చెవిలో తెలుస్తుంది. గుట్కా, ఖైనీ, పొగ అలవాటున్నవాళ్లకు ఒకే చెవిలో నొప్పి మూడు వారాలు దాటితే నోరు, గొంతు తప్పకుండా చూపించుకోవాలి. అక్కడి క్యాన్సర్లు కొన్ని మొదట చెవినొప్పిగానే బయటపడతాయి.

తలంటు, ఈత, ప్రయాణాలు ఎలా?

చెవి కారుతున్నన్నాళ్లు తలంటు ముందు దూదికి వాజలీన్ రాసి చెవి బయట మూతలా పెట్టండి, అయ్యాక తీసేయండి. నొప్పి, చీము పూర్తిగా తగ్గేదాకా చెరువులో, కాలువలో, స్విమ్మింగ్ పూల్‌లో తల ముంచొద్దు. విమానం దిగేటప్పుడు, తిరుమల, అరకు ఘాట్ దిగేటప్పుడు చెవులు మూసుకుని నొప్పి పెడితే మింగుతూ ఉండాలి. పసివాళ్లకు ఆ టైములో పాలు పట్టండి, పెద్ద పిల్లలకు నీళ్లు గుక్కలు గుక్కలుగా ఇవ్వండి, దిగే వేళకి నిద్ర లేపండి. చెవినొప్పి తీవ్రంగా ఉన్న వారంలో విమాన ప్రయాణం ఉంటే డాక్టర్ని అడిగాకే బయల్దేరండి.

గులిమి తీస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయా?

తగ్గవు. గులిమి చెవికి కాపలా, దానంతటదే బయటికి వస్తుంది. బడ్స్, పిన్నీసు, అగ్గిపుల్ల, రోడ్డు పక్క చెవి శుభ్రం చేసేవాళ్లు, ఏదీ వద్దు.

డాక్టర్ దగ్గరికి ఏం తీసుకెళ్లాలి?

ఒక నోట్‌బుక్. ప్రతిసారీ తేదీ, ఏ చెవి, జ్వరం ఎంత, చీము వచ్చిందా, ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడారు, నొప్పి మందు ఎన్నిసార్లు పడింది, ఎన్ని రాత్రులు నిద్రలేదు, ఇవి రెండు లైన్లలో రాసుకోండి. ఆర్‌ఎంపీ దగ్గర వేయించిన ఇంజెక్షన్ అయినా సరే దాచకుండా రాయండి. "తరచుగా వస్తోంది సార్" అంటే డాక్టరుకి తెలిసేది తక్కువ. "జూన్ నుంచి నాలుగుసార్లు, మూడుసార్లు ఎడమ చెవే" అంటే గ్రోమెట్ కావాలా, అడినాయిడ్స్ చూడాలా, ఇంకొంత కాలం ఆగొచ్చా అన్నది ఆ ఒక్క విజిట్‌లోనే తేలే అవకాశం ఉంటుంది. పాత చీటీలు, వాడిన సీసాల లేబుల్ ఫోటోలు, టీకా కార్డు కూడా అదే సంచిలో పెట్టుకోండి.